రెండు షేడ్లు పైకి

“తప్పు నాదే అని ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోతుందే?”

అన్నయ్య ఈ మాట అడగడం ఇది మొదటిసారి కాదు. తెల్లారిన దగ్గర్నుంచీ ఇదే పాట. అక్క తువ్వాళ్ళు మడతపెడుతోందే తప్ప తలెత్తడం లేదు. మేకప్ పెట్టెలోకి వెళ్ళే తువ్వాళ్ళవి. శుభ్రంగా ఉన్నవి ఒక పక్క, ఎంత ఉతికినా మరక వదలనివి ఒక పక్క పెడుతోంది.

“నిన్నే అడిగేది. గోడకి చెబుతున్నానా?”

“వింటున్నాను.”

“వింటే సరిపోదు. కాసేపట్లో కంపెనీ ఆవిడ వస్తుంది, కెమెరా వస్తుంది. చెల్లి సోఫాలో కూర్చుని నాలుగు ముక్కలు చదువుతుంది. మేకప్ అమ్మాయి షేడ్ తప్పు వేసింది, ఆమెని మాన్పించేశాం, స్టేజీ మీద నేను అన్నవి నా వ్యక్తిగత అభిప్రాయాలు, కంపెనీకి ఏ సంబంధం లేదు. అంతే! ఎవరి పేరూ ఉండదు. అసలు నీ పేరు ఎవరికి తెలుసు గనక?”

అదీ నిజమే. లోకం లెక్కలో ఆ ఇంట్లో పిల్లలు ఇద్దరే. ఒకరు సినిమా తార, ఇంకొకరు ఆమె డేట్లు చూసుకునే అన్నగారు. మొదటి సినిమా అప్పుడు ఒక పత్రికవాళ్ళు ఫోటో తీయడానికి వస్తే అన్నయ్యే అన్నాడు, “పెద్దదాన్ని లోపల ఉండమనమ్మా. పక్కపక్కన నిలబడితే చిన్నదాని అసలు రంగు ఇట్టే తెలిసిపోతుంది” అని. ఆ రోజు లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ అక్కగా బయటికి రానేలేదు. మేకప్ అమ్మాయిగా వచ్చింది. షూటింగులో సొంత చెల్లెల్ని ‘మేడమ్’ అని పిలవడం అలవాటైపోయింది. ఒకసారి ఇంట్లో అన్నం దగ్గర కూడా, “ఇంకొంచెం వడ్డించనా మేడమ్?” అనేసింది. అందరూ పడీపడీ నవ్వారు. అక్కా నవ్వింది. తర్వాత గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

“సీసాలో ఏముందో కనుక్కోకపోవడం నా తప్పే. అది ఎక్కడ చెప్పమన్నా చెబుతాను. షేడ్ మాత్రం నా తప్పు కాదు” అంది అక్క, ఆఖరి తువ్వాలు మడిచి.

మొన్న సాయంత్రం జరిగింది అదే. ‘తొలిమంచు’ అనే కొత్త సెంటుకి చెల్లి ప్రచార తార. వీధివీధికీ ఆమె బొమ్మే. ప్రకటన ఎలా తీశారంటే, చీకటి సందులో ఒక నల్లపిల్ల నడిచొస్తుంది. మణికట్టు మీద సెంటు కొట్టుకోగానే అక్కడ వెలుగు పుడుతుంది. ఆ వెలుగు చేతికి, మెడకి, ముఖానికి పాకుతుంది. పిల్ల తెల్లబడిపోతుంది. జనం తలలు తిప్పి చూస్తారు. ‘వెలుగుని పూసుకోండి’ అని కింద అక్షరాలు. సెంటు వాసనకే గానీ ఒంటి రంగుకి పనిచేస్తుందని ఎవరైనా విన్నారా? అయినా జనం కొన్నారు.

ఆ షూటింగులో సీసా నిండా మంచినీళ్ళే. ఎన్నిసార్లు కొట్టినా ఏమీ కాలేదు. మొన్న హాల్లో, వేలమంది ముందు, వ్యాఖ్యాత ఉత్సాహం పట్టలేక అసలు సీసా తీసి చెల్లి మణికట్టు మీద బుస్సుమని కొట్టాడు. సెంటులో స్పిరిట్ ఉంటుంది కదా! చెల్లి అలవాటుకొద్దీ రెండు చేతులూ రుద్దుకుంది. పూసిన రంగంతా కరిగి తెల్లటి గౌను అంచుకి అంటుకుంది. చేతి మీద రూపాయి బిళ్ళంత మేర ఆమె సొంత రంగు బయటపడింది. దాన్ని గోడంత తెర మీద అందరూ చూశారు.

“ఇందులో అసలుది ఏదమ్మా?” అని ఎవడో అరిచాడు. హాలంతా నవ్వు.

చెల్లి ఏడుస్తుందనుకుంది అక్క, తెర వెనక నిలబడి. చెల్లి ఏడవలేదు. చెయ్యెత్తి చూపించింది.

“ఇదీ అసలుది. పైది వీళ్ళు వేయించింది. సెంటుకి రంగు లేదు గదా, మరి కొట్టుకునే మనిషికి ఎందుకు పెట్టారు? నల్లగా ఉన్నవాళ్ళు తక్కువవాళ్ళని చెప్పే సీసా మీద నా బొమ్మ ఉందంటే నాకే సిగ్గుగా ఉంది.”

అదిగో, ఆ మాటలకి పడ్డ చిచ్చు ఇది. కొందరు దేవతని చేశారు, కొందరు బూతులు తిట్టారు. ఒప్పుకున్న సినిమా వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. కంపెనీవాళ్ళు మాత్రం విడవకుండా ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

“సెంటు అమ్మవే తల్లీ అంటే సమానత్వం అమ్మొచ్చింది. ఎవడు కొంటాడు దాన్ని?” అన్నాడు అన్నయ్య.

“అమ్మలేదు. ఊరికే ఇచ్చాను” అంది చెల్లి, గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చిందో, తలస్నానం చేసి తడి జుట్టుతో నిలబడి ఉంది. “అయినా నాకు తెలీక అడుగుతాను అన్నయ్యా, మనుషులంతా ఒకటే అనడం కూడా వ్యక్తిగత అభిప్రాయమేనా? నా ఒక్కదానిదేనా అది?”

“చదివేటప్పుడు మాత్రం నీ ఒక్కదానిదే.”

సోఫా చివర కూర్చున్న అమ్మ నిట్టూర్చింది. అమ్మ తెలుపు. ఆ తెలుపు ముగ్గురిలో ఒక్క అన్నయ్యకే వచ్చింది. ఆడపిల్లలిద్దరిదీ పోయిన నాన్న రంగు.

“పెద్దదానా, ఒక్క మాటే కదే. చెల్లెలి కోసం ఆ మాత్రం చెయ్యలేవా? నీకు రంగు తక్కువైతేనేం, చేతిలో పనుంది, ఎలాగైనా బతుకుతావని నేనెప్పుడూ ధైర్యంగా ఉండేదాన్ని.”

“నాకు రంగు తక్కువేంటమ్మా, మీ అందరికంటే ఎక్కువే ఉంది” అంది అక్క.

చెల్లి కిసుక్కున నవ్వింది. అమ్మకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. అన్నయ్యకి మాత్రం ఒళ్ళు మండింది.

“వేళాకోళాలకి ఇదా సమయం? మాన్పించేశాం అంటే నిజంగా మాన్పించాలి. రేపట్నుంచి షూటింగుకి నువ్వు రాకూడదు. కంపెనీవాళ్ళే వేరే మనిషిని పెడతారు. అది కూడా మాట్లాడేశాను.”

అక్క తలెత్తింది. ఈ ముక్క ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెల్లి వైపు చూసింది. చెల్లి కిటికీ వైపు చూసింది. దానికి ముందే తెలుసన్నమాట!

బయట కారు ఆగిన చప్పుడైంది.

*

కంపెనీ ఆవిడకి చెల్లి పెట్టిన పేరు మెత్తనమ్మ. ఎంత చేదు మాటనైనా పసిపిల్లకి మందు పోసినట్టు మెత్తగా చెబుతుంది. వస్తూనే బల్ల మీద సెంటు సీసా పెట్టి, పేరు కనబడేలా తిప్పింది. ఆవిడతో వచ్చిన కెమెరామన్ భారీ మనిషి. నోట్లో నాలుక లేనట్టు తన పని తాను చేసుకుపోతున్నాడు.

“రికార్డు చేసి పెడితే అతికించారంటారండీ. అందుకే లైవ్ పెట్టేస్తున్నాం. అమ్మాయి పేజీలోనే వస్తుంది. నేను ఆపమనేదాకా ఆపొద్దని ఇతనికి చెప్పాను” అంది మెత్తనమ్మ, కెమెరామన్ని చూపిస్తూ. కెమెరా నెత్తి మీద ఎర్ర లైటు ఒకసారి వెలిగి ఆరింది.

తర్వాత అక్క దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అక్క ఎవరో ఆవిడకి తెలియదు.

“బాధపడకమ్మాయ్. ఇవన్నీ మామూలే. నీకు వేరేచోట పని చూసిపెడతాలే. ఈ ఒక్కసారికి మంచిగా చెయ్యి. ఎప్పట్లాగే అసలు రంగు కంటే రెండు షేడ్లు పైకి. ముఖానికి, మెడకి, చేతులకి. సీసా తెరవంలే, భయం లేదు” అని నవ్వింది.

“షేడ్ తప్పు వేశానని చదివించడానికి, మళ్ళీ అదే షేడ్ వెయ్యాలా మేడమ్?”

మెత్తనమ్మ చిరునవ్వు చెక్కు చెదరలేదు. “అవన్నీ ఆలోచించి బుర్ర పాడుచేసుకోకు. నువ్వు పనిమంతురాలివి.”

అక్క మేకప్ పెట్టె పట్టుకుని లోపలి గదిలోకి నడిచింది. వెనకే చెల్లి వెళ్ళి తలుపు వేసింది.

*

అద్దం ముందు కుర్చీలో కూర్చుని చెల్లి కళ్ళు మూసుకుంది. అది వాళ్ళిద్దరి మధ్య చిన్నప్పటి ఒప్పందం. అక్క కాటుక పెట్టే రోజుల నుంచీ అంతే. “ఊఁ, చూసుకో” అని అక్క అనేదాకా చెల్లి కళ్ళు తెరవదు. ఎంత పెద్ద తార అయినా ఆ ఒప్పందం తప్పలేదు.

అక్క ఆమె జుట్టు వెనక్కి దువ్వి పిన్నులు పెట్టింది. తడిగుడ్డతో ముఖం తుడిచింది. పక్క గదిలో అన్నయ్య మెత్తనమ్మకి కాఫీ ఇస్తూ నవ్వడం వినిపిస్తోంది.

“తిట్టవే” అంది చెల్లి, కళ్ళు మూసుకునే.

“ఎందుకు?”

“నిన్ను మాన్పిస్తారని నాకు నిన్ననే తెలుసు. చెప్పలేదు.”

అక్క మెడ కూడా తుడిచింది.

“నేనేం చెయ్యనక్కా? స్టేజీ మీద నోటికొచ్చింది అనేశాను. అన్నప్పుడు భలే ధైర్యంగా ఉంది. ఇంటికొచ్చాక ఒక్కొక్క ఫోనూ వస్తుంటే భయం పట్టుకుంది. ఇంకెవరూ పిలవరట. ఒక్క ఏడాది ఓపిక పట్టు. కాస్త నిలదొక్కుకున్నాక నేనే అందరికీ చెబుతాను.”

“నీ మొదటి సినిమా అప్పుడూ ఒక్క ఏడాదే అన్నావు.”

చెల్లి మూసిన కళ్ళని ఇంకా గట్టిగా మూసుకుంది.

అక్క పెట్టె తెరిచింది. ఫౌండేషన్ సీసాలు వరసగా ఉన్నాయి. కంపెనీ చెప్పిన షేడ్ సీసా అడుగంటింది. దాని పక్కన చెల్లి సొంత షేడ్ సీసా, కొన్ననాటి నుంచీ మూత కూడా తియ్యనిది. అది ఎందుకు కొన్నావని ఒకసారి అన్నయ్య అడిగితే, “దీని ముఖం ఏ రంగో మర్చిపోకుండా” అంది అక్క. అన్నయ్యకి అర్థం కాలేదు.

అలవాటైన చెయ్యి అడుగంటిన సీసా మీదికే పోయింది. వేళ్ళ మీద కొంచెం పోసుకుని, స్పాంజికి అద్ది, చెల్లి చెంప దగ్గరికి తీసుకెళ్ళింది.

అక్కడ ఆగింది. కోపం వచ్చింది ఆవిడకి. ఇన్నేళ్ళలో రానంత కోపం. అన్నయ్య మీద, అమ్మ మీద, ఆ మెత్తనమ్మ మీద, అందరికంటే ఎక్కువ తన చేతి మీద. పెంచిన చేత్తో రోజూ చెల్లెలి ముఖాన్ని చెరిపేస్తోంది తను. చెరిపినందుకే ఇవాళ నింద కూడా మోయాలట!

“ఊఁ, చూసుకో” అంది.

చెల్లి ఉలిక్కిపడింది. “అప్పుడేనా?” అని కళ్ళు తెరిచింది.

అద్దంలో తడి ఆరిన ముఖం. బుగ్గ మీద చిన్నప్పుడు పడ్డ గాటు. నాన్న ముక్కు. ఏమీ పూయని, నల్లటి, నిగనిగలాడే ముఖం.

“ఏం వెయ్యలేదేంటక్కా?”

అక్క రంగు అద్దిన స్పాంజిని చెల్లి చేతిలో పెట్టింది.

“కావాలంటే నువ్వు రాసుకో. నేను అడ్డం రాను. చదవాలనుకుంటే చదువు, రేపట్నుంచి రావద్దంటే రాను. కానీ నా చేత్తో మాత్రం ఇక ఇది నీ ముఖాన పూయను. ఎవరడిగినా పూయను.”

“అక్కా...”

“ఇంకోటి. మేడమ్ అని కూడా ఇక పిలవను. నోరు నొప్పెడుతోంది.”

చెల్లి స్పాంజి వైపు చూసింది, అద్దం వైపు చూసింది. అక్క ఎదురుచూడలేదు. మరకల తువ్వాలు తీసుకుని వేళ్ళు తుడుచుకుంటూ గోడకి ఆనుకుంది. వేళ్ళకి అంటిన రంగు ఒక పట్టాన వదలడం లేదు.

తలుపు టకటకా మోగింది. “అయిందా? టైమవుతోంది” అన్నాడు అన్నయ్య.

చెల్లి అద్దంలో చూస్తూ బుగ్గ మీది గాటు తడుముకుంది.

“అయింది” అంది చెల్లి. స్పాంజిని అద్దం ముందు పెట్టి లేచింది.

*

హాల్లోకి వచ్చిన చెల్లిని చూసి అన్నయ్య చేతిలో కాఫీ కప్పు తొణికింది.

“ఇదేంటి? మేకప్ ఏది?”

“ఇదే.”

మెత్తనమ్మ గడియారం చూసుకుంది. లైవ్ ఉందని ప్రకటించిన వేళ అయిపోయింది. ఇప్పటికే లక్షలమంది ఎదురుచూస్తున్నారు. “పర్వాలేదు, పశ్చాత్తాపం బాగా కనిపిస్తుంది. కూర్చోండి” అని కెమెరా వైపు తల ఊపింది. ఎర్ర లైటు వెలిగింది.

కెమెరా పక్కన పెద్ద అట్ట మీద చదవాల్సిన మాటలు రాసి ఉన్నాయి. చెల్లి గొంతు సవరించుకుంది.

“అందరికీ నమస్కారం. మొన్న జరిగినదానికి... నా మేకప్ అమ్మాయి చేసిన పొరపాటు వల్ల...”

ఆగింది.

అక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అన్నయ్య చేత్తో ‘కానీ, కానీ’ అని సైగ చేస్తున్నాడు.

“మేకప్ అమ్మాయి కాదు” అంది చెల్లి. “మా అక్క.”

అన్నయ్య ఒక్క ఉదుటున లేచాడు.

“మా సొంత అక్క. ఇన్నేళ్ళూ మీకెవరికీ చెప్పలేదు. నా పక్కన నిలబడితే నా రంగు తెలిసిపోతుందని దాచిపెట్టాం. షూటింగులో నన్ను మేడమ్ అని పిలిచేది. పిలుస్తుంటే నేను పలికాను. అక్కా, ఇలా రా.”

అన్నయ్య కెమెరా వైరు వైపు వంగాడు.

“కూర్చోరా” అంది అమ్మ.

“అమ్మా, అది ఏం చేస్తోందో...”

“కూర్చోమన్నానా! పిల్ల మాట్లాడుతోంది.” అమ్మ అన్నయ్య చొక్కా పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు.

అక్క ఎలా నడిచిందో ఆవిడకే తెలియదు. వెళ్ళి చెల్లి పక్కన కూర్చుంది. చెల్లి ఆవిడ చెయ్యి పట్టుకుని తన చేతి పక్కన పెట్టింది. రెండు చేతులూ ఒకటే రంగు.

“చూడండి, ఇద్దరిదీ మా నాన్న రంగు. మొన్న నేనన్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. పొరపాటు జరిగిన మాట నిజమే. సీసాలో నీళ్ళు కాదని మాకు తెలియలేదు. అంతకుమించి మా అక్క తప్పేం లేదు. నాకింక చెప్పేదేం లేదు.”

అంతలో మెత్తనమ్మ ఫోన్ మోగింది. ఆవిడ పక్కకి తిరిగి, “సార్... చూస్తున్నారా సార్... అవునా? అన్ని లక్షలా?” అంది. ఆవిడ ముఖం మెల్లమెల్లగా విప్పారింది. ఫోన్ పెట్టేసి రెండు చేతులూ జోడించుకుంటూ ముందుకొచ్చింది.

“అద్భుతం! జనం ఏడుస్తున్నారట. మా సార్ కొత్త ప్రకటన కూడా అనేసుకున్నారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ, రెండు చేతులూ, మధ్యలో మన సీసా. ‘ఏ రంగైనా తొలిమంచే’ అని. రేపే తీసేద్దాం.” అక్క వైపు తిరిగింది. “మీరు కూడా తప్పకుండా రావాలండీ. మీ చేతులు ఎంత బావున్నాయో!”

ఇందాకటి ‘అమ్మాయ్’ ఇప్పుడు ‘మీరు’ అయింది.

అన్నయ్య ముఖంలోకి ప్రాణం వచ్చింది. “నేను చెప్పలేదూ, అంతా మన మంచికే” అనేశాడు, ఏమీ జరగనట్టు. చెల్లి అక్క చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

అక్క తన వేళ్ళు చూసుకుంది. గోళ్ళ మొదట్లో ఆ తెల్లటి రంగు ఇంకా వదల్లేదు. తలెత్తి చూసింది. మెత్తనమ్మ వెనక, కెమెరామన్ తన పని తాను చేసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆపమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

“వస్తానండీ” అంది అక్క, వేళ్ళు మెత్తనమ్మ ముఖం ముందు చాపి. “ముందు ఒక్కటి చెప్పండి. ఇందాక, ఈ గదిలో, నా భుజం మీద చెయ్యి వేసి, రెండు షేడ్లు పైకి వెయ్యమని చెప్పింది ఎవరు?”

మెత్తనమ్మ నవ్వుతూ నోరు తెరిచింది. అక్క చూపు ఎక్కడుందో గమనించి, వెనక్కి తిరిగి చూసింది.